ఉత్తమ పాఠకురాలిని కంప్యూటర్ ఎంపిక చేసిన రోజు

ఈమధ్య, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన గ్రంథపాలకులు కొందరు నన్ను ఒక సమావేశానికి పిలిచారు. రాబోయే రోజుల్లో గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలన్నది చర్చ. ఒకమ్మాయి మనిషి ముఖం చూసి పుస్తకం ఇచ్చే యంత్రం గురించి చెప్పింది. ఇంకో అబ్బాయి, పాఠకుడు ఇదివరకు చదివినవన్నీ గుర్తుపెట్టుకుని ఇకముందు ఏం చదవాలో తనే చెప్పే సాఫ్ట్‌వేర్ గురించి ఉత్సాహంగా మాట్లాడాడు. చివర్లో "మేడమ్, మీరేమంటారు?" అని అడిగారు.

"దానికి మరిచిపోవడం కూడా నేర్పండి" అన్నాను.

పెద్దావిడ ఏదో వేదాంతం చెబుతోందనుకుని నవ్వి, చప్పట్లు కొట్టి, టీ ఇచ్చి పంపేశారు.

వేదాంతం కాదర్రా. జగ్గయ్యపేటలో నా కళ్లముందు జరిగిన సంగతి. అక్కడ చెప్పేంత సమయం ఇవ్వలేదు గనక ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

నేను నందిగామలో కాపురం ఉంటూ జగ్గయ్యపేట శాఖా గ్రంథాలయానికి రోజూ బస్సులో వెళ్లివచ్చే రోజులవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. హైవే మీద సిమెంటు లారీల వెనకాల దుమ్ము తింటూ వెళ్లి, చీర దులుపుకుని, తాళం తీసి కూర్చునేదాన్ని. పాతకాలపు గది, గోడల పొడుగునా బీరువాలు, పత్రికలు చదువుకోవడానికి రెండు పెద్ద బల్లలు, ఆడవాళ్లకి విడిగా కిటికీ పక్కన ఒక బెంచీ. మధ్యాహ్నం ఇంటి పని తెమిలాక ఆ బెంచీ నిండిపోయేది.

అప్పటి పద్ధతి మీకు తెలిసి ఉండదు. పాఠకుడికి చిన్న అట్ట సంచీలాంటి టికెట్ ఇచ్చేవాళ్లం. పుస్తకం తీసుకెళ్లేటప్పుడు అందులోని కార్డు తీసి ఆ టికెట్‌లో దోపి మా దగ్గర ఉంచుకునేవాళ్లం. పుస్తకం తిరిగొచ్చాక కార్డు పుస్తకంలోకి పోయేది, టికెట్ మనిషి చేతికి పోయేది. అంతే. ఆ తర్వాత ఆ పుస్తకం ఎవరు చదివారో చెప్పమంటే నేనూ చెప్పలేను, నా పైఅధికారీ చెప్పలేడు. అదొక సదుపాయమని అప్పట్లో నాకు తట్టలేదు. లెక్కలు తేల్చలేని పాతచింతకాయ పద్ధతి అనే అనుకునేదాన్ని.

ఆ ఊళ్లో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే షావుకారు గారొకరు ఉండేవారు. తెల్లటి లాల్చీ, నుదుట విభూతి, ఏ మంచి పనికైనా ముందుండే మనిషి. గ్రంథాలయానికి ఫ్యాన్లు ఆయన వేయించినవే. ఒకరోజు వచ్చి, "అమ్మా, ఎక్కడ చూసినా కంప్యూటర్లంటున్నారు. మన లైబ్రరీకి ఒకటి ఉండొద్దూ?" అన్నారు. అన్నమాట ప్రకారం పండగ ముందు కొత్త కంప్యూటర్, ప్రింటరు దిగాయి. కొబ్బరికాయ కొట్టాం. దానికి పసుపు కుంకుమ పెట్టాం. ఆ మూలకి వెళ్లాలంటే చెప్పులు విప్పాలని మా అటెండరు రూలు పెడితే నేను కూడా కాదనలేదు.

దానికి సాఫ్ట్‌వేర్ రాసింది నందిగామలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఒకాయన. అందరూ కంప్యూటర్ మాస్టారు అనేవారు. ముప్పై ఏళ్ల మనిషి, మాట్లాడితే భవిష్యత్తే. మా పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించారు. తెలుగు అక్షరాలు అప్పటికి దానికి పట్టుబడలేదు. పని నడుస్తున్నన్ని రోజులూ ఆయన నాకు పాఠం చెప్పేవాడు.

"మేడమ్, ఇందులో ఒకసారి పడిందంటే ఇక పోదు. ఎవరు, ఎప్పుడు, ఏది తీసుకెళ్లారో నొక్కగానే వస్తుంది. రేపు చూడండి, మనిషి గుమ్మం ఎక్కకముందే అతనికి ఏ పుస్తకం కావాలో సాఫ్ట్‌వేరే చెప్పేస్తుంది."

నిజం చెప్పొద్దూ, నేను ముచ్చటపడ్డాను.

మా పాఠకుల్లో షావుకారు గారి కోడలు ఒకతె. డిగ్రీ చదివిన పిల్ల. కిటికీ పక్కన బెంచీలో కూర్చునేది కాదు. సంచీలో పుస్తకాలు వేసుకుని వచ్చి, మార్చుకుని, నవ్వి వెళ్లిపోయేది. నవలలు, వంటల పుస్తకాలు తీసుకునేది. కొన్నాళ్లు చట్టాల పుస్తకాలు తీసుకుంటే, లా కోర్సు ఎంట్రన్సు రాస్తుందేమో అనుకున్నాను. అడగలేదు. ఎవరు ఏది ఎందుకు చదువుతున్నారని అడగకపోవడం మా వృత్తిలో మర్యాద.

మరుసటి ఏడాది గ్రంథాలయ వారోత్సవాలకి మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. ఉత్తమ పాఠకుణ్ని ఇన్నాళ్లూ నేనూ కమిటీ పెద్దలూ కూర్చుని ఎంపిక చేసేవాళ్లం. ఎవరో ఒకరు అలిగేవారు. ఈసారి కంప్యూటరే ఎంపిక చేస్తే? అదీ వేదిక మీద, అందరి ఎదురుగా? జిల్లా నుంచి వచ్చిన అధికారికి ఈ మాట విని ప్రాణం లేచొచ్చింది. "ఇది కావాలండీ మనకి! లైబ్రరీలు వెనకబడ్డాయనే వాళ్ల నోళ్లు మూతపడాలి" అన్నారు.

మునిసిపల్ స్కూలు ఆవరణలో సభ పెట్టాం. కంప్యూటరుని రిక్షాలో తెచ్చి, వైరు లాగి, వేదిక మీద బల్లపై నిలబెట్టారు. ముందు వరసలో షావుకారు గారి కుటుంబం. దాత కదా, ఆయన వేదిక మీద. కింద కుర్చీల్లో ఆయన భార్య, కొడుకు, కోడలు. ఆ పెద్దావిడని నేను పెళ్లిళ్లలో, గుళ్లో చూసేదాన్ని. ఎప్పుడూ భర్త వెనకే నడిచేది. పెద్ద జరీ అంచు చీర, చేతిలో మడిచిన రుమాలు.

మాస్టారు మీట నొక్కాడు. ప్రింటరు గీ గీ మంటూ కాగితం కక్కింది. అధికారి దాన్ని చింపి తీసుకుని మైకు ముందుకొచ్చారు.

"ఈ ఏడాది ఉత్తమ పాఠకురాలు…" అంటూ పేరు చదివారు. షావుకారు గారి కోడలు పేరే.

చప్పట్లు మోగాయి. షావుకారు గారి ముఖం వెలిగిపోయింది. ఎవరో ఏర్పాటు చేశారని అనుకోవడానికి కూడా వీల్లేదు, కంప్యూటర్ చెప్పింది. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ లేచి నిలబడింది. అధికారి శాలువా కోసం చూస్తుంటే షావుకారు గారు కుర్చీలోంచి ముందుకు వంగారు.

"ఆ పుస్తకాల పేర్లు కూడా ఉన్నాయా సార్ అందులో?"

"అన్నీ ఉన్నాయి షావుకారు గారూ."

"అయితే చదవండి. మా కోడలు ఏం చదివిందో ఊరంతా వినాలి. మిగతా ఆడపిల్లలకీ బుద్ధొస్తుంది."

అధికారి చదవడం మొదలుపెట్టారు. రెండు మూడు నవలలు. ఊరగాయల పుస్తకం. కుట్టుపని పుస్తకం. ఒక్కోదానికి ఆడవాళ్ల వైపునుంచి చిన్న గుసగుస, నవ్వు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు చదవడం ఆయనకి కష్టంగానే ఉంది. ఒకచోట ఆగి, కళ్లజోడు సర్దుకుని, "స్త్రీలు… భరిణెలు" అన్నారు. కుంకుమ భరిణెల మీద పుస్తకం కూడా ఉందా అని జనం గొల్లున నవ్వారు.

మాస్టారికి తన సాఫ్ట్‌వేర్ నవ్వులపాలవుతుందని భయమేసినట్టుంది. మైకు దగ్గరకి మెడ చాచి, "భరిణెలు కాదు సార్, భరణం. 'స్త్రీలు – భరణం హక్కులు'. దాని కిందది 'విడాకులు: ప్రశ్నలు, జవాబులు'. ఆ కిందది 'కోర్టుకి వెళ్లేముందు'" అని గుక్కతిప్పుకోకుండా చదివేశాడు.

నవ్వు ఆగిపోయింది.

అంతమంది జనం, ఒక్క కుర్చీ కదల్లేదు. నేను లేచి వెళ్లి మైకు మీద చెయ్యి పెట్టేసరికే జరగాల్సింది జరిగిపోయింది. అధికారి చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. షావుకారు గారి కొడుకు తన భార్య వైపు తిరిగి, నమ్మలేనట్టు చూస్తున్నాడు. ఆ అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక పుస్తకం పేరు మనిషిని ఇలా నిలువునా కొట్టగలదని నేను అనుకోలేదు.

అప్పుడు ఆ పెద్దావిడ లేచింది.

కుర్చీ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా లేచి, కోడలి ముందుకొచ్చి, వేదిక వైపు తిరిగింది. మైకు లేకపోయినా అందరికీ వినపడింది.

"ఆ పుస్తకాలు అమ్మాయి తనకోసం తేలేదయ్యా. నాకోసం తెచ్చింది. నాకు చదువు రాదు. మధ్యాహ్నంపూట చదివి వినిపించమని నేనే అడిగా. పిల్లని ఏమీ అనకండి."

వేదిక మీద షావుకారు గారు విసురుగా లేచి నిలబడ్డారు. ఆ విసురుకి కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఏయ్! కూర్చో నువ్వు!"

ఆవిడ ఆయన వైపు చూసింది. అంతగా తెల్లబోయిన ముఖం నేను మళ్లీ చూడలేదు. కోపం కాదు, భయం కాదు. ఎప్పుడో పోయిందనుకున్న మనిషి గొంతు విన్నట్టు చూసింది.

"నాతోనేనా అండీ?" అంది.

ఆయన పడిపోయిన కుర్చీ వైపు తిరిగారు.

"నాతోనేనా మాట్లాడింది?" అని మళ్లీ అడిగి, ఆవిడ జనంవైపు తిరిగింది. "మా పెద్దమ్మాయి తను కోరుకున్న పిల్లాణ్ని చేసుకుంటుంటే నేను వెళ్లి అక్షింతలేసి వచ్చానయ్యా. ఆ రోజు నుంచి ఈయన నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా గోడకి చెప్తారు, కోడలికి చెప్తారు. కొట్టలేదు, తిట్టలేదు, తిండికి లోటు లేదు. అన్యాయం చెప్పకూడదు. అయితే ఇట్టాంటి దానికి చట్టంలో ఏమైనా రాశారేమోనని చదివించుకున్నా. ఎక్కడా రాయలేదు."

కళ్లు తుడుచుకోలేదు. కోడలి చెయ్యి పట్టుకుని, "పద తల్లీ" అని, కుర్చీల మధ్యనుంచి నడిచి వెళ్లిపోయింది. కొడుకు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి వాళ్ల వెనకే వెళ్లాడు.

పక్కపక్కన కూర్చుని ఎన్ని వ్రతాలు చేశారో ఆ భార్యాభర్తలు, ఊరంతా చూసింది. ఆ తరం మగవాళ్లు నలుగురిలో భార్యతో మాట్లాడకపోవడం ఎవరికీ వింతగా అనిపించదు. అందుకే ఎవరికీ తెలియలేదు.

సభ ఎలా ముగించాలో ఎవరికీ పాలుపోలేదు. వందన సమర్పణ చేయాల్సిన రిటైర్డు హెడ్మాస్టరు గారు మైకు పట్టుకుని, "ఇప్పుడు… ఇప్పుడు అల్పాహారం" అన్నారు. మైసూర్‌పాక్, కారప్పూస పొట్లాలు పంచారు. చేతుల్లో పట్టుకుని అందరూ అలాగే వెళ్లిపోయారు. ఒక్కరూ పొట్లం విప్పలేదు.

మర్నాటి నుంచి నాకు అసలు దెబ్బ తెలిసింది. ఆడవాళ్ల బెంచీ ఖాళీ. ఎప్పుడూ వచ్చే టీచరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి పుస్తకాలు అటెండరుకిచ్చి వెళ్లిపోయింది. ఒక ప్లీడరు గారు నా బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "మేడంగారూ, నాది కూడా ఉందా అందులో?" అని అడిగారు. ఉందన్నాను. ఆయన తీసుకెళ్లినవన్నీ హాస్య కథలే, అయినా ఆయన ముఖం పాలిపోయింది. బజార్లో జాతకాలు చెప్పే ఆయన అయితే మరీ కంగారుపడ్డాడు. జాతకాలన్నీ బూటకమని వాదించే పుస్తకం ఆయన మూడుసార్లు తీసుకెళ్లాడు పాపం. ఊళ్లో ప్రతి మనిషికీ ఒక పుస్తకం రహస్యం ఉందని అప్పుడే నాకు తెలిసింది.

షావుకారు గారు వారం తిరక్కుండా వచ్చారు. లాల్చీ నలిగి ఉంది. చెప్పులతోనే కంప్యూటర్ దాకా నడిచారు, ఎవరూ ఆపలేదు.

"మా ఇంటి పేరు మీద ఇందులో ఏమేం ఉన్నాయో అన్నీ చెరిపెయ్యండి."

మాస్టారిని నందిగామ నుంచి పిలిపించాను. ఆ సభ తర్వాత ఆయన సగమైపోయాడు. "పోకుండా ఉండేట్టు రాశా మేడమ్. పోయేట్టు రాయలేదు" అన్నాడు తల వంచుకుని.

"అయితే రాయండి" అన్నాను. "షావుకారు గారూ, మీ ఒక్కరివి చెరపను. చెరిపితే ఊరందరివీ చెరుపుతా. ఇక మీదట కూడా పుస్తకం తిరిగొచ్చిందంటే తీసుకెళ్లినవాళ్ల పేరు అందులో ఉండకూడదు. పాత టికెట్ పద్ధతిలో ఎట్టా ఉండేదో అట్టా."

"ఏదో ఒకటి చెయ్యండమ్మా" అని ఆయన వెళ్లిపోయారు.

మాస్టారు చేశాడు. ఒక్కసారికి కాలేదు, చాలాసార్లు వచ్చి కూర్చున్నాడు. పుస్తకం ఎన్నిసార్లు బయటికెళ్లిందో లెక్క ఉంటుంది, ఎవరితో వెళ్లిందో ఉండదు. జిల్లా అధికారికి తెలిసి ఫోన్లో గట్టిగా అరిచారు. "ప్రపంచమంతా డేటా దాచుకోవాలని చూస్తుంటే నువ్వు చేతులారా తుడిపేస్తావా? మెమో ఇస్తా!" ఇచ్చారు కూడా. నేను జవాబు రాశాను. వేదిక మీద ఆయన చేతిలో ఉన్న కాగితాన్ని ఆ జవాబులో ఒక వాక్యంలో గుర్తుచేశాను. ఆ తర్వాత మెమో గురించి ఎవరూ మాట్లాడలేదు.

బెంచీ నిండటానికి చాలాకాలం పట్టింది. కొందరు మళ్లీ రానేలేదు. అది నాకు ఇప్పటికీ కష్టమే. మాస్టారు తన సాఫ్ట్‌వేర్‌ని తర్వాత ఇంకో రెండు మూడు ఊళ్లకి అమ్ముకోబోతే, చరిత్ర చూపించదు గనక ఎవరూ తీసుకోలేదు. నేను నందిగామకి బదిలీ అయ్యేనాటికి పైనుంచి వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్‌లో అన్నీ దాచే ఏర్పాటే ఉంది. అందులో తీసుకెళ్లినవాళ్ల పేర్లు దాచే గడిని మూయించడానికి ప్రతి ఏడాదీ ఒక అర్జీ పెట్టేదాన్ని. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఇక ఆ ఇంటి సంగతి. పెద్దావిడ సభనుంచి ఇంటికెళ్లి, నాలుగు చీరలు సర్దుకుని, ముక్త్యాలలో ఉంటూ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే పెద్దల్లుడి ఇంటికి వెళ్లిపోయిందని కోడలే నాకు చెప్పింది. కోర్టూ లేదు, కాగితమూ లేదు. కొడుకే బస్సెక్కించాడట. మొగుడు తనని అనుమానించలేదు, తల్లి మాటే పట్టింపుగా తీసుకున్నాడు అని చెబుతూ ఆ అమ్మాయి మొదటిసారి కిటికీ పక్కన బెంచీలో కూర్చుంది.

చాలా నెలల తర్వాత ఒక మధ్యాహ్నం షావుకారు గారు ఒంటరిగా వచ్చారు. మనిషి చిక్కిపోయారు. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, తను వేయించిన ఫ్యాన్ వైపు చూశారు. నేనే, "ఏమైనా కావాలా అండీ?" అని అడిగాను.

"మా కోడలు… ఆవిడకి చదివి వినిపించిన పుస్తకాలు ఉన్నాయి చూడండి. చట్టాలవి కాదు. మిగతావి. అవేవో ఒకసారి చూపిస్తారా? నేనూ చదువుదామని. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆవిడకి ఏం ఇష్టమో నాకు తెలీదమ్మా."

నేను నివ్వెరపోయాను. ఈయన నోట ఈ మాట వినాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. కంప్యూటర్ ఆన్ చేసి ఆయనవైపు తిప్పి చూపించాను. కోడలి పేరు దగ్గర ఖాళీ.

"లేవండీ. చెరిపేశాం."

"మీకేమైనా గుర్తున్నాయా?"

గుర్తున్నాయి. రెండు మూడు పేర్లు నాలుక చివర ఉన్నాయి. చెప్పలేదు.

"కోడల్ని అడిగా. అత్తయ్యనే అడగండి మామయ్యగారూ అంది" అన్నారాయన.

"నేనూ అదే అంటా షావుకారు గారూ."

ఆయన తల ఊపారు. పక్క బల్ల దగ్గర ఎవరో పేపరు తిరగేస్తున్నారు. తర్వాత లేచి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ముక్త్యాల బస్సు ఎన్నింటికని అడిగారు. మా అటెండరు చెప్పాడు.

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బస్టాండు వైపే వెళ్లారు.